ఒక బండికి ముగ్గురు డ్రైవర్లు

ఆదివారం పొద్దున ఏడూ పదికి నేను ఒక బొత్తాం నొక్కాను. నొక్కింది వేలితోనే గానీ ఆ తర్వాత నొక్కుకోవలసి వచ్చింది నోరు.

నోరు గురించి ముందే చెప్పుకోవాలి. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అరిచి చెప్పే ఉద్యోగం నాది. పాతికేళ్లుగా అదే పని. మైకు పాడైన రోజున కూడా ఒక్క ప్రయాణికుడికీ బస్సు తప్పిపోలేదంటే నా గొంతు ఏ పాటిదో మీరే ఊహించుకోండి. ఇంట్లో నేను గుసగుసలాడితే పక్కింటివాళ్లు ఊఁ కొడతారు. ఈ వృత్తి వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. ప్రకటన కనబడితే చాలు, పాటించేస్తాను. ‘వరుసలో నిలబడండి’ అని రాసి ఉంటే ముందు ఎవరూ లేకపోయినా నా వెనక నేనే నిలబడతాను.

ఆ పొద్దున వాన పడుతుందో లేదో చూద్దామని మా మామగారి ల్యాప్‌టాప్ తెరిచాను. తెర తెరవగానే ఓ మూల నుంచి ‘కొత్త అప్‌డేట్లు వచ్చి ఉన్నాయి, ఇప్పుడే పెట్టమంటారా’ అని ఒక చీటీ తొంగి చూసింది. ఎంత మర్యాదగా అడిగిందని. పెట్టమన్నాను. అరగంట సేపు పెట్టుకుంది, తనంతట తానే ఆరిపోయి, తనంతట తానే వెలిగింది. మామగారికి మేలు చేశానన్న తృప్తితో కాఫీ తాగాను. వాన సంగతి చూడనేలేదు.

మా మామగారు నలభై ఏళ్లు మందుల కొట్టు నడిపిన మనిషి. కొట్టు కింద, ఇల్లు పైన. ఇప్పుడు కొట్టు మా ఆవిడ నడుపుతోంది. ఆయనకి ఒక్కగానొక్క కూతురు, ఫార్మసీ చదివింది, నాకంటే చాలా తక్కువ మాట్లాడుతుంది. ఆయన అంతకన్నా తక్కువ. మాత్రలమ్మిన మనిషి కదా, మాటలు మాత్రం మోతాదుకి మించవు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత.

ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది మామూలుగా అందరూ వాడే సిస్టమ్ కాదు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే రకం ఓపెన్ సోర్స్ సిస్టమ్. ఎందుకండీ ఈ తిప్పలు అని నేనొకసారి అడిగితే, లోపల ఏముందో డబ్బా మీద రాసి ఉన్న మందే మింగాలి, రాయని దాన్ని నమ్మకూడదు అన్నారు. అదీ ఆయన సిద్ధాంతం. పోనీ సిద్ధాంతం ఉంటే ఉంది, ఆ రోజు దానికి పెద్ద పరీక్షే వచ్చిపడింది.

పెద్దల చదరంగం క్లబ్బొకటి ఉంది. అరవై దాటినవాళ్లు ఇంటర్నెట్‌లో ఆడుకుంటారు. మామగారు ఇరవై ఆరేళ్లుగా చదరంగం ఆడుతున్నారు, ఏనాడూ ఫైనలు గడప తొక్కలేదు. ఈసారి తొక్కారు. ఆదివారం పదకొండు గంటలకి ఆట. అవతల ఆడేది ఒక రిటైరైన పశువుల డాక్టరమ్మ. నాలుగేళ్లుగా కప్పు ఆవిడదే. గుర్రాలూ ఏనుగులూ వృత్తిరీత్యా ఆవిడ చెప్పిన మాట వింటాయని మా ఇంట్లో ఒక భయం ఉండేది.

క్లబ్బు నియమాలు కఠినంగా ఉంటాయి. ముందుగా నమోదు చేసుకున్న ల్యాప్‌టాప్‌లోనే ఆడాలి, దాని కెమెరా తీసి ఉంచాలి. గదిలో ఫోను ఉండకూడదు. మరో మనిషి ఉండకూడదు, మరో మనిషి గొంతు కూడా వినబడకూడదు. ఈ చివరిది నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారని నా అనుమానం. పదకొండూ పదిహేనులోపు లోపలికి రాకపోతే అవతలివాళ్లు గెలిచినట్టే. మధ్యలో లైను తెగినా అంతే. అప్పీలు లేదు.

ఎనిమిదింపావుకి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నారు. కాసేపు తెర వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

“అల్లుడు గారూ” అన్నారు.

ఆయన నన్ను మామూలుగా ‘అల్లుడూ’ అంటారు. ‘గారు’ చేర్చారంటే కోపమొచ్చిందని అర్థం. మా ఇంట్లో గౌరవమూ జ్వరమూ ఒకేసారి పెరుగుతాయి.

తెర మీద కుడివైపు మూల వైర్‌లెస్ గుర్తు ఉండేది, గొడుగు విప్పినట్టు. అది లేదు. మసకగా కూడా లేదు. ఆ చోటు నున్నగా ఉంది. వైరు లేనిది వైర్‌లెస్, వైరం లేనిది మా ఇల్లు అని అంతవరకూ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రెండూ ఒక్కసారే పోయేలా ఉన్నాయి.

మామగారు కంగారు పడలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని కేసు షీటు రాయడం మొదలుపెట్టారు. రోగి: ల్యాప్‌టాప్. వయసు: ఆరేళ్లు. బాధ: గాలి అందడం లేదు. ఎప్పటినుంచి: ఇవాళ పొద్దున. చివరిగా తీసుకున్న ఆహారం: అని రాసి, కలం ఆపి, తల ఎత్తకుండా నా జవాబు కోసం చూశారు.

పొద్దున్నే కాస్త అప్‌డేట్ తినిపించానని ఒప్పుకున్నాను. ఎంత అని అడిగారు. ఉన్నదంతా అన్నాను. పరగడుపునా అన్నారు. అవునన్నాను. ఆయన అదంతా రాసుకున్నారు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్టని మామగారిని భరించడం చాలా కష్టం.

నేను పరిహారంగా నా ఫోను తెచ్చి వైరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించాను. అలా తగిలిస్తే ఫోనులోని ఇంటర్నెట్టు ల్యాప్‌టాప్ ఒంట్లోకి సెలైను ఎక్కినట్టు ఎక్కుతుంది. ఎక్కింది. దీంతోనే ఆడేయండి మామగారూ అన్నాను. గదిలో ఫోను ఉండకూడదు అని కేసు షీటు అడుగున రాసి నాకు చూపించారు. పోనీ రౌటర్ నుంచి నేరుగా తీగ లాగుదామంటే, ఆ ల్యాప్‌టాప్ మరీ నాజూకు, అంత లావు తీగకి దాని ఒంట్లో రంధ్రమే లేదు. కాబట్టి ఫోను ఉన్నంతసేపు మందు తెచ్చుకోవచ్చు. ఆట మాత్రం వైర్‌లెస్ మీదే.

మందు అంటే ఇక్కడ డ్రైవరు. ఈ సంగతి నాకు వెంటనే అర్థమైంది. మా బస్టాండులో రోజూ జరిగేదే. బండి బాగానే ఉంటుంది, డీజిలు ఉంటుంది, జనం ఎక్కి కూర్చుని ఉంటారు, డ్రైవరు రాడు. ల్యాప్‌టాప్ లోపల వైర్‌లెస్ కార్డు అనే చిన్న ముక్క ఉంది, అది బండి. దాన్ని నడపడానికి ఒక ప్రోగ్రాం కావాలి, దాన్నీ డ్రైవరనే అంటారు. ఇక సిస్టమ్ నడిబొడ్డున కెర్నెల్ అని ఒకటి ఉంటుంది, అది డిపో మేనేజరు. నా అప్‌డేట్ వల్ల డిపో మేనేజరు మారిపోయాడు. కొత్త మేనేజరుకి పాత డ్రైవరు ముఖం తెలియదు. డ్యూటీ వేయలేదు. తన వెంట తెచ్చుకున్నవాణ్ణెవణ్ణో సీట్లో కూర్చోబెట్టాడు, వాడికి ఈ బండి తాళం తిప్పడమే తెలియదు. ఇదంతా నేను మామగారికి నా పద్ధతిలో వివరించాను. కింద కొట్లోంచి మా ఆవిడ, చెప్పేది మెల్లగా చెప్పండి, కొట్లోవాళ్లు బస్సొచ్చిందనుకుంటున్నారు అని కేకేసింది.

మామగారు టెర్మినల్ తెరిచారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మలుండవు, మనం ఆజ్ఞ రాస్తే అది పని చేస్తుంది. డాక్టర్లు రాసిన కోడిగీతలు క్షణంలో చదివేసే ఆయన, అచ్చక్షరాలు మాత్రం ముక్కు ఆనించి చదువుతారు. అలవాటు లేదు పాపం, స్పష్టంగా ఉన్నవి చదవడం. ఒక్కో అక్షరాన్ని ఒక్క వేలితో మాత్ర నూరినట్టు నూరి, కార్డు నంబరు రాబట్టారు. 6140, చివర ‘బి’.

ఆ నంబరు డ్రైవరు కోసం వెతికితే ఒక పేజీ దొరికింది. పాత కెర్నెల్‌కి ఉంది, కొత్త కెర్నెల్‌కి ఇంకా తయారు కాలేదు, ఓపిక పట్టండి అని అందులో రాసి ఉంది. ఓపిక పట్టడానికి మాకు రెండు గంటల టైముంది.

సరిగ్గా ఇక్కడే మామగారి నలభై ఏళ్ల అనుభవం నిద్ర లేచింది.

కౌంటరు దగ్గర నిలబడినవాళ్లకి తెలుస్తుంది. చీటీలో రాసిన మందు కొట్లో లేకపోతే ‘లేదు’ అని పంపేయడం మందుల కొట్టువాడికి అవమానం. అదే మందు, వేరే కంపెనీ అని మరో డబ్బా తీసిస్తారు. లోపలున్న సరుకు ఒకటే కాబట్టి పని చేస్తుంది. మామగారు జీవితంలో ఎవర్నీ ఉత్త చేతులతో పంపలేదు. ల్యాప్‌టాప్‌ని మాత్రం ఎందుకు పంపుతారు?

“6140 ‘బి’ లేదు. 6140 ‘డి’ ఉంది” అన్నారు. “కాంబినేషన్ అదే. ‘బి’ ఉత్త జ్వరానికి, ‘డి’ జ్వరానికీ జలుబుకీ.”

‘డి’ ఎక్కించారు. రెండు నిమిషాలు తెల్ల అక్షరాలు వాన నీళ్లలా జారాయి. ఆ తర్వాత మూలన గొడుగు విచ్చుకుంది. నేను అరిచిన అరుపుకి కింద ఒకావిడ మందుల చీటీ మర్చిపోయి వెళ్లిపోయిందట. మామగారు చొక్కా సర్దుకుని, కేసు షీటులో ‘ఉపశమనం’ అని రాసి, దాని కింద గీత కూడా గీశారు.

నాలుగు నిమిషాలకి గొడుగు ముడుచుకుపోయింది.

మళ్లీ వచ్చింది. నాలుగు నిమిషాలకి మళ్లీ పోయింది. మోతాదు చాలలేదు అన్నారు మామగారు. దీనికి తోడుగా 6150 కూడా వేద్దామన్నారు. అది పై తరగతి మందు, బలం ఎక్కువ. వేశాం. ఇప్పుడు గొడుగు ఒకటిన్నర నిమిషానికే పోతోంది, పోయేముందు రెండుసార్లు కన్ను కొట్టి మరీ పోతోంది. తొమ్మిదీ నలభై అయింది. మామగారి చొక్కా ఇస్త్రీ నలగడం మొదలైంది. మూడో మందు కోసం వెతకబోతుంటే నేనే ఆపాను. ఆపానంటే, మెట్ల దగ్గరికెళ్లి మా ఆవిడని పిలిచాను. ఆవిడతో బాటు రోడ్డు మీద వెళ్తున్న ఇద్దరు కూడా తలెత్తి ఏమిటండీ అన్నారు.

ఆదివారం కొట్టు పది దాకానే. ఆవిడ షట్టరు దించి, చేతులు తుడుచుకుంటూ పదీ పదికి పైకి వచ్చింది. కంప్యూటర్ల గురించి మా ఆవిడకి తెలిసింది బిల్లు కొట్టడం వరకే. కానీ వచ్చీ రాగానే కౌంటరు ముందు కొత్త మనిషి నిలబడితే ఏం అడుగుతుందో అదే అడిగింది.

“ఇప్పుడు ఏమేం మందులు వాడుతోంది?”

మామగారు కేసు షీటు మీద చెయ్యి కప్పారు. ఆవిడ కుర్చీ లాక్కుని, టెర్మినల్లో ఏ డ్రైవర్లు నడుస్తున్నాయో చూపించే ఆజ్ఞ నా ఫోనులో వెతికి, టకటకా కొట్టింది. జాబితా వచ్చింది. ఆ ఒక్క చిన్న కార్డు మీద ముగ్గురు. కొత్త మేనేజరు తెచ్చుకున్నవాడు, మామగారి ‘డి’, మామగారి 6150. ముగ్గురూ ఒకే స్టీరింగు పట్టుకుని ఉన్నారు. ఒకడు ఎడమకి, ఒకడు కుడికి, ఒకడు బ్రేకు మీద. మా డిపోలో ఇద్దరు డ్రైవర్లకి ఒకే బండి డ్యూటీ పడితేనే ఆ రోజు బండి కదలదు, ఇద్దరి నోళ్లు తప్ప.

“నాన్నా, ఇదేంటి?”

“ఒకటి వేస్తే తగ్గలేదమ్మా. ఇంకోటి వేశాను.”

“మొదటిది ఆపకుండా?”

మామగారు కిటికీ వైపు చూశారు.

“కొట్లో నేను చేరిన మొదటి రోజు నాకేం చెప్పావు? కొత్తది ఇచ్చేముందు పాతది ఆపారా అని అడగమన్నావా లేదా? మర్చిపోతానేమోనని చీటీ రాసి కౌంటరు లోపల అంటించావు. ఇప్పటికీ ఉంది అది.”

“అది మనుషులకి” అన్నారు మామగారు నెమ్మదిగా.

“పోనీ, డబ్బాలో కాగితం చదివావా?”

డ్రైవరుతో పాటు ‘ముందు నన్ను చదవండి’ అనే పేరుతో ఒక ఫైలు వస్తుంది. మందు డబ్బాలో సన్నటి అక్షరాలతో మడతలు పెట్టి ఉండే కాగితం లాంటిదే. ఎంత మంది డబ్బా విప్పగానే ఆ కాగితం పారేస్తారో, అంత మందీ ఈ ఫైలునీ వదిలేస్తారు. నలభై ఏళ్లు ఊరందరికీ కాగితం చదువుకోండమ్మా అని చెప్పిన మనిషి చదవలేదని అప్పుడు తేలింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలేసింది. నేను కూడా ఏదో ఒక తప్పు చేసి ఉంటే ఆయనకి తోడుగా ఉండేదనుకున్నాను, ఇంతలో ఈ గొడవకి మూలపురుషుణ్ణి నేనే కదా అని గుర్తొచ్చింది.

ఆవిడ ఆ ఫైలు తెరిచి, మందు డబ్బా కాగితం చదివే పద్ధతిలోనే, గొప్పలన్నీ వదిలేసి తిన్నగా ‘జాగ్రత్తలు’ దగ్గరికి వెళ్లింది. పదకొండో వరసలో దొరికింది. ఈ ‘డి’ డ్రైవరు ఎక్కగానే, పాత ‘బి’ డ్రైవరు మళ్లీ ఎప్పుడూ లేవకుండా నిషేధ పట్టికలో దాని పేరు రాస్తుందట. ‘డి’ని తీసేసినా ఆ పేరు అలాగే ఉండిపోతుందట, మనమే చేత్తో కొట్టేయాలట.

“అంటే అసలు మందు ఒంటికి పట్టకుండా నువ్వే చేశావు నాన్నా.”

“అసలు మందు స్టాకు లేదు కదమ్మా” అన్నారాయన.

“నిన్న రాత్రి దాకా పని చేసింది కదా. నిన్నటిది ఏమైంది? పారేశారా?”

ఆ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. మేం పొద్దున్నుంచీ కొత్త మందులే వెతుకుతున్నాం. ఆవిడ సిస్టమ్ సహాయం పేజీలో చూసింది. అప్‌డేట్ అయినప్పుడు పాత కెర్నెల్‌ని ఆ సిస్టమ్ పారేయదట. కొత్తది సరిపడకపోతే వెనక్కి వెళ్లడానికి ఒకటి దాచి ఉంచుతుందట. ల్యాప్‌టాప్ వెలిగేటప్పుడు ఒక పట్టిక వస్తుంది, అందులో రెండో వరసలో నిన్నటి మేనేజరు కూర్చుని ఉంటాడు, నిన్నటి డ్రైవరుతో సహా. ఎంత మంచి డిపో. మా డిపోలో బదిలీ అయినవాడు పోతూ పోతూ కుర్చీ కూడా పట్టుకుపోతాడు.

పదిన్నరకి మొదలుపెట్టి ఆవిడ ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చింది. 6150ని తీసేసింది. ‘డి’ని తీసేసింది. నిషేధ పట్టికలో ‘బి’ పేరు కొట్టేసింది. ఒక్కో పనికి ముందు చదివింది, తర్వాత మళ్లీ జాబితా తీసి చూసింది. తొందరపెట్టబోతే, ఏమండీ, మీరు కొంచెం సేపు ప్లాట్‌ఫారం మీద కూర్చోండి అంది. మంచం మీద కూర్చున్నాను. మామగారు నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం వాంతి చేసుకున్న పిల్లల్లా ఉన్నాం.

పదీ యాభై రెండుకి ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్లీ వెలిగించింది. పట్టిక అయిదు సెకన్లే ఉంటుంది, ఆలోగా రెండో వరస ఎంచుకోవాలి. ఆ అయిదు సెకన్లలో నేను ఒక జోకు వేశాను. ఏ జోకో ఇప్పుడు గుర్తు లేదు, ఆవిడ తల తిప్పి చూడటం మాత్రం గుర్తుంది. పట్టిక వెళ్లిపోయింది. కొత్త మేనేజరే వచ్చి కూర్చున్నాడు. మళ్లీ ఆపాలి, మళ్లీ వెలిగించాలి. అది ఆరేళ్ల యంత్రం, ఆరడానికీ వెలగడానికీ మామగారి లాగే వ్యవధి తీసుకుంటుంది.

గోడ గడియారం పదకొండు కొట్టింది. అక్కడ క్లబ్బులో మామగారి వంతు గడియారం కూడా నడవడం మొదలైంది. ఒక్కొక్కరికీ గంట సేపు, ఆలస్యంగా వస్తే ఆ గంటలోంచే కోత. గడులాట ఆడటానికి గది ఉంది, గదికి గడియ ఉంది, గడియ మాత్రం జారిపోతోంది. ఈ మాట కూడా నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా జీవితంలో మింగిన మొదటి మాట అది, గొంతులో మాత్రలా అడ్డం పడింది.

రెండోసారి పట్టిక వచ్చింది. ఆవిడ కింది బాణం ఒకసారి నొక్కి, నిన్నటి కెర్నెల్ మీద ఆపి, ఎంటర్ కొట్టింది. పదకొండూ ఆరుకి తెర వెలిగింది. మూల ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది. తర్వాత, ఏ హడావిడీ లేకుండా, రోజూ వచ్చే మనిషి రోజూ వచ్చే టైముకి వచ్చినట్టు, గొడుగు విచ్చుకుంది.

ఎవరం అరవలేదు. పొద్దున ఒకసారి అరిచి మోసపోయాం.

“నాలుగు నిమిషాలు చూద్దాం నాన్నా. పోకుండా ఉంటే అప్పుడు లోపలికెళ్లు” అంది మా ఆవిడ.

మామగారు గడియారం చూశారు. “నాలుగు నిమిషాలు చూసి, మళ్లీ పోతే ఏం చేస్తావు?”

“అప్పుడు టైము ఉండదు.”

“పోకపోతే?”

“వెళ్తావు.”

“మరి చూడటం దేనికి? ఇద్దరూ బయటికి నడవండి. ఫోను తీసుకుపో అల్లుడూ.”

‘గారు’ లేదు. ఆ ఒక్కదానికే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఫోను, వైరు, మా ఆవిడ, నేను, నలుగురం బయటికొచ్చాం. లోపల గడియ పడింది. పదకొండూ తొమ్మిదికి ఆయన తెర మీది క్లబ్బు గదిలోకి వెళ్లినట్టు కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

మేం మెట్ల మీద కూర్చున్నాం. మా ఆవిడ చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఒక నిమిషం. రెండు. లైను తెగితే ఆయన తలుపు తీస్తారు, ఇక చేసేదేమీ ఉండదు. నా గొంతు గదిలోకి వినబడినా అదే శిక్ష కాబట్టి నేను చెంగు, అంటే మా ఆవిడ చెంగే, నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. మూడు. నాలుగు. తలుపు తెరుచుకోలేదు. అయిదో నిమిషం అయ్యాక ఆవిడ గడియారం మళ్లీ చేతికి పెట్టుకుని, నా భుజం మీద తల వాల్చింది. ఏం మాట్లాడలేదు. నేనూ ఏం మాట్లాడలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేమిద్దరం కలిసి ఒకే విషయం మీద మౌనంగా ఉండటం అదే మొదలు. బాగానే ఉంటుందండీ, అప్పుడప్పుడూ చేయొచ్చు.

పన్నెండూ ముప్పై అయిదుకి గడియ తీసిన చప్పుడైంది.

ఆయన మెట్ల పైన నిలబడ్డారు. ముఖం చూసి ఏమీ చెప్పలేం. చీటీలో ఎంత పెద్ద జబ్బుకి మందు రాసి ఉన్నా చదివి పైకి కనబడనీయకుండా ఇచ్చే అలవాటు ఆ ముఖానికి. చొక్కా మీద బొత్తాలు మాత్రం ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉన్నారు, ఆటలో ఎప్పుడు విప్పుకున్నారో, ఎప్పుడు పెట్టుకున్నారో.

“ఆవిడ మంత్రి పోయాడు” అన్నారు, పోయినవాళ్ల సంగతి చెప్పే గొంతుతో.

“తర్వాత నాన్నా?”

“తర్వాత ఆవిడ రాజు కూడా పోయాడు.”

అది అర్థమవడానికి మాకు ఒక క్షణం పట్టింది. కౌంటరు వెనక నలభై ఏళ్లు కట్లు కట్టిన చెయ్యి, నాలుగేళ్ల చాంపియనుకి ఆటకట్టు కట్టి వచ్చింది. ఆయన కిందికి దిగి మా ఇద్దరి మధ్యా మెట్టు మీద ఇరికి కూర్చున్నారు. మామూలుగా ఒక్కో ఎత్తుకీ నాలుగు రకాలుగా ఆలోచిస్తానమ్మా, ఇది కాకపోతే అది, అది కాకపోతే ఇంకోటి అని అన్నారు. ఇవాళ తొమ్మిది నిమిషాలు ముందే పోయాయి, ఇంకో రకం వెతకడానికి టైము లేదు, మొదట తోచిందే ఆడేశాను, డాక్టరమ్మ నా పాత పద్ధతి కోసం చూస్తూ కూర్చుంది, గుర్రం ఎటువైపు నుంచి వచ్చిందో చూసుకోలేదు అన్నారు. ఒకేసారి అన్ని మాటలు ఆయన నోటివెంట నేనెన్నడూ వినలేదు. ఒక నెల కోర్సు ఒక్క గుక్కలో మింగినట్టుంది.

ఉన్నట్టుండి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మొదట భుజాలు, తర్వాత పొట్ట, ఆ తర్వాత గొంతు. ఆ నవ్వుకి చప్పుడుందని మా ఆవిడకి కూడా తెలియదట, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. నవ్వీ నవ్వీ ఆయనకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఏదైనా మందివ్వమ్మా అని సైగ చేశారు. కొట్టు కట్టేశాను నాన్నా, రేపు రా అంది మా ఆవిడ.

ఇక నా వల్ల కాలేదు. నోట్లో చెంగు తీసేసి, లేచి నిలబడి, మా మామగారు గెలిచారని వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా మూడుసార్లు ప్రకటించాను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి, ఏ ప్లాట్‌ఫారం మీద అని అడిగాడు.